చిన్నకోడలి నాలుగో జత

ఎలుక గొంతు మీది చర్మాన్ని రెండు వైపులకీ విప్పి, మైనపు పలక మీద పిన్నులు గుచ్చి, భూతద్దం కింద తల పెట్టిన చిన్నకోడలికి ఒక్కసారిగా తల తిరిగింది. వాసనకి కాదు, రక్తానికీ కాదు. ఆ రెండూ అలవాటైపోయి చాలా కాలమైంది. అక్కడ ఉండకూడనిది ఒకటి ఉంది. చొక్కా గుండీ అంత, లేత గోధుమరంగులో, చదునుగా, పిలవకుండా వచ్చి ముందు వరుసలో కూర్చున్న చుట్టంలా ఉంది.

రెండో వైపు చూసింది. అక్కడా ఉంది.

"జత," అంది పైకే. వినడానికి ఆ గదిలో డీప్‌ఫ్రీజర్ తప్ప ఎవరూ లేరు. అందుకని వెళ్లి దాన్నే కావలించుకుంది.

ఇంతకీ ఆమె పనేమిటంటే, అడవి ఎలుకల నోట్లో ఉమ్మి ఎక్కడి నుంచి వస్తుందో చూడడం. నవ్వకండి, ఆ పని కూడా ఎవరో ఒకరు చేయాలి. జంతువుల శరీరాల మీద పరిశోధనలు చేసే ఒక సంస్థ ఆమెకి జీతమిస్తున్నది అందుకే. పొలం గట్ల మీదివి, చెట్టు తొర్రల్లోవి, రాళ్ల సందుల్లోవి, ఏ ఎలుక దొరికినా దాని లాలాజల గ్రంథులు ఎలా ఉన్నాయి, వాటి నాళాలు ఏ దారిన పోయి నోట్లో తెరుచుకుంటున్నాయి అని గీసి, కొలిచి, రాసి పెట్టాలి. బంధువులందరూ ఆమెని ఉమ్మి డాక్టరు అంటారు. కొత్తవాళ్లకి పరిచయం చేసేటప్పుడు మాత్రం కాస్త మర్యాదగా నోటి డాక్టరు అంటారు. దాంతో ఆ కొత్తవాళ్లు వెంటనే నోరు తెరిచి పుచ్చుపన్ను చూపిస్తారు.

ఎలుకజాతికి లాలాజల గ్రంథులు మూడు జతలు. చెవి కిందివి కొవ్వులా పలచగా, హద్దూ పద్దూ లేకుండా మెడంతా పరుచుకుని ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు వాటిని నిజంగానే కొవ్వనుకుని గీకి పారేస్తారు. దవడ కిందివి గొంతు మధ్యలో ఒకదాన్నొకటి రాసుకుంటూ కూర్చున్న బొద్దు ముద్దలు. నాలుక కిందివి చిన్నవి, కాస్త ముదురు రంగు, దవడ కింది వాటి ఒంటినే అంటిపెట్టుకుని అదే పొరలో దాక్కుంటాయి. చుట్టుపక్కల చిక్కుడు గింజల్లాంటి ముడులు కొన్ని ఉంటాయి. అవి గ్రంథులే కావు, లింఫ్ ముడులు. అయినా ఏటా ఎవరో ఒకరు వాటిని చూసి పప్పులో కాలేస్తూనే ఉంటారు. మొత్తానికి మూడు జతలు. అంతకు మించి ఉన్నాయని ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఈ ఎలుకేమో కొండ మీది క్వారీ వాళ్లు పట్టి మంచుపెట్టెలో పంపింది. రాళ్ల సందుల్లో బతికే రకం. దీని గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చిన్నకోడలు పెట్టెలో ఉన్న తక్కిన వాటిని కూడా విప్పింది. మగవాటిలో ఉంది, ఆడవాటిలో ఉంది. సన్నగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కొవ్వు కాదు, ముడి కాదు, నిఖార్సయిన గ్రంథి. దాని నుంచి వెంట్రుకంత నాళం బయలుదేరి చెంప వైపు సాగి, దవడ కండరం అంచు దగ్గర కనుమరుగైంది. చెంప వైపు వెళ్లే నాళం నోట్లోకి కాక ఇంకెక్కడికి పోతుంది? మనం ఎక్కాల్సిన బస్సు వీధి మలుపు తిరిగిందంటే మన కోసమే వస్తోందనుకుంటాం కదా, ఆమె కూడా అలాగే అనుకుంది. మిగతా దారి వెతకలేదు.

ఇక ఆ తర్వాత ఆమె కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు. కారిడార్‌లో నడవాల్సిన చోట గెంతింది. టీలో చెంచా అనుకుని కోత కత్తి, అదే స్కాల్పెల్, పెట్టి కలపబోయింది. లిఫ్టులు బాగుచేసి అలిసిపోయి వచ్చిన భర్తని దీపం కింద కూర్చోబెట్టి, మెడ రెండు వైపులా తడిమి చూసింది.

"నీకు లేదు, పాపం," అంది జాలిగా.

"ఏది లేదు?"

"చెప్పను. శుక్రవారం దాకా ఆగు."

ఆ శుక్రవారం కథ ఏమిటో చెప్పకపోతే ఆమె గెంతులు మీకు పిచ్చిగా తోస్తాయి. సంస్థలో చేపల విభాగం వాళ్లు కింది అంతస్తుకి మారారు. కారిడార్ చివర వాళ్ల గది ఖాళీ అయింది. ఆ గదికి గోడంత కిటికీ. రోజంతా ఎండ తగలకుండా వెలుగు మాత్రమే వస్తుంది. గ్రంథులు గీసుకునేవాళ్లకి అలాంటి వెలుగు దొరకడం మాటలు కాదు. ఎలుక మెడలో సగం తేడాలు రంగులోనే ఉంటాయి, మరి చిన్నకోడలు ఇన్నేళ్లూ ఆ రంగుల్ని ఫ్రీజర్ పక్కన, ఆరుతూ వెలిగే ట్యూబ్‌లైటు కింద చూస్తోంది. డైరెక్టరు గారేమో ఎవరినీ నొప్పించలేక ఒక మాట అనేశారు. శుక్రవారం అందరూ సమావేశం హాల్లోకి రండి, ఎవరు నిజంగా కొత్తది చూపిస్తే కిటికీ గది వాళ్లది.

గదికి పోటీ పడుతున్నది ఇద్దరే. ఒకరు చిన్నకోడలు. రెండోవారు పెద్దకోడలు.

అవును, తోటికోడళ్లే. అన్నదమ్ములిద్దరి భార్యలు. ఒకే ఇంట్లో కాపురం, ఒకే సంస్థలో ఉద్యోగం. పెద్దకోడలిది కన్నీళ్ల విభాగం. ఎలుకల కళ్లల్లో తడి ఎక్కడ పుడుతుందో చూడడం ఆవిడ పని. చిన్నకోడలికి స్కాల్పెల్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఈ ఉద్యోగం ఉందని చెప్పి దరఖాస్తు పెట్టించింది ఆవిడే. అక్కడితో ఆగకుండా, తన మరిదికి ఈ అమ్మాయి సరిపోతుందని ఇంట్లో చెప్పి పెళ్లి కుదిర్చిందీ ఆవిడే. మంచి మనిషి, ఎవరూ కాదనరు. కానీ చిన్నకోడలి వైపు నుంచి చూడండి. చదువు, కొలువు, మొగుడు, అన్నీ ఆవిడ చెయ్యి తగిలి వచ్చినవే. ఏదైనా ఒక్కటి, ఒకే ఒక్కటి, ఆవిడ ప్రమేయం లేకుండా తనంతట తాను సంపాదించుకుని, ఇది నాది అనుకోవాలని ఆమెకి ఎంత కోరికో చెప్పలేం. గది కన్నా ఆ కోరికే ఎక్కువ. కిటికీ పక్కన బల్ల వేసుకుని, తలుపు మీద తన పేరు చూసుకుని, అక్కని లోపలికి రమ్మని పిలిచి కుర్చీ చూపించడం దాకా ఆమె మనసులో ఎన్నోసార్లు చూసేసుకుంది.

ఈ సంగతి అక్కతో ముందే చెప్పి ఉండవచ్చు కదా అంటారేమో. పోటీ సంగతి అటుంచితే, ఇంట్లో చెప్పడానికి వీల్లేదు. అక్కడ అత్తగారి చట్టం ఒకటుంది. అత్తగారు రిటైరైన టెలిఫోన్ ఆపరేటరు. జీవితమంతా ఊళ్లోవాళ్ల మాటల్ని కలిపిన మనిషి. కొత్తలో ఒకసారి భోజనాల దగ్గర కోడళ్లిద్దరూ ఉమ్మి చిక్కదనం, కన్నీటి చిక్కదనం పోల్చుకుంటూ చారు గిన్నె వైపు చెయ్యి చూపించారు. అత్తగారు చెంచా కింద పెట్టేశారు. ఇకమీదట ఈ గడప లోపల ఉమ్మి మాట, కన్నీళ్ల మాట ఎత్తితే పళ్లెం తీసుకుని మేడ మీదికి వెళ్లిపోవాలి అన్నారు. అప్పుడు తెగిన లైను మళ్లీ కలవలేదు. సంస్థలో చూస్తే చిన్నకోడలి గది ఒక మూల, పెద్దకోడలిది మెట్ల కింద. క్వారీ నుంచి పెట్టె వస్తే సగం ఎలుకలు ఒకరు, సగం ఒకరు తీసుకుపోతారు. పెద్దకోడలు చెవి దాటి కిందికి దిగదు. చిన్నకోడలు చెంప దాటి పైకి ఎక్కదు.

గురువారం రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. చిన్నకోడలు తినడం మానేసి నవ్వుకుంటోంది. తీరా తలెత్తి చూస్తే పెద్దకోడలు కూడా ఏదో కూనిరాగం తీస్తోంది.

"ఏంటి, ఇద్దరూ తెగ వెలిగిపోతున్నారు?" అన్నారు అత్తగారు.

"ఏం లేదత్తయ్యా," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఏం లేకపోతే తినండి."

తిన్నారు. చిన్నకోడలు నవ్వుకోవడం మానేసింది. అక్కకి కూడా ఏదో దొరికినట్టుంది.

శుక్రవారం హాలు నిండిపోయింది. డైరెక్టరు గారు ముందు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆయన ఎముకల మనిషి. శరీరంలో మెత్తగా ఉండేవాటి మీద ఆయనకి పెద్దగా గురి లేదు.

ముందు పెద్దకోడలు లేచింది. ఎప్పటిలాగే నెమ్మదిగా, తడుముకోకుండా చెప్పింది. ఎలుకలకి కంటి గూట్లో ఉండే కన్నీటి గ్రంథి కాక, బయట ఇంకొకటి ఉంటుంది. చెవికి కాస్త ముందు, చర్మం కిందే, ఎవరు చూసినా కనిపించేలా. క్వారీ నుంచి వచ్చిన ఈ రాళ్లసందు ఎలుకలో అది లేదు. ఒక్కదానిలో కూడా లేదు. ఈ జాతి ఆ గ్రంథిని పూర్తిగా పోగొట్టుకుందని తన నమ్మకం.

హాల్లో చిన్న గుసగుస బయలుదేరింది. చిన్నకోడలు వింటేగా. ఆమె ధ్యాసంతా చేతిలోని సన్నటి గాజుగొట్టం మొన మీదే ఉంది. "లేదు" అన్న మాట ఒక్కటే చెవిన పడింది. దాంతో ప్రాణం లేచొచ్చింది. లేనిదాన్ని చూపించి గది ఎలా అడుగుతారు అనుకుని లోపల్లోపల ఓ గంతు వేసింది.

తన వంతు రాగానే ట్రే పట్టుకుని వెళ్లింది. తాజాగా మంచులోంచి తీసిన ఎలుక, గొంతు విప్పి ఉంది. పైన చిన్న కెమెరా సరిగ్గా నోటికి గురిపెట్టి ఉంది. తెర మీద ఎలుక నోరు గుమ్మమంత అయింది.

"ఎలుకలకి లాలాజల గ్రంథులు మూడు జతలని మనందరికీ తెలుసు," అంది. గొంతు కీచుమంది. దగ్గి మళ్లీ మొదలుపెట్టింది. "వీటికి నాలుగు. ఇప్పుడు ఈ గ్రంథి నాళంలోకి నీలం రంగు పంపిస్తాను. నోట్లో ఎక్కడ చుక్క తేలితే అక్కడే నాళం తెరుచుకున్నట్టు. ఇదివరకు నేనూ చూడలేదు. మీతోపాటే చూద్దామని దాచుకున్నాను."

"ఒకే ఎలుక," అన్నారు డైరెక్టరు గారు పక్కనున్నాయనతో. "ఒకావిడ తక్కువైందంటుంది. ఒకావిడ ఎక్కువైందంటుంది."

చిన్నకోడలు గాజుగొట్టాన్ని నాళంలోకి దించి, సిరంజిని వేలితో మెల్లగా నొక్కింది. నీలం గీత ఒకటి నాళంలో మేల్కొని, చెంప మీదుగా చకచకా పాకి, దవడ కండరం అంచున మునిగిపోయింది. హాలంతా తెర వైపు మెడలు సాచింది. తెర మీద పళ్లు, నాలుక, బుగ్గ లోపలి గులాబీ రంగు. అంతే.

ఇంకాస్త నొక్కింది. ఏమీ రాలేదు.

"ఇంకా నోరూరలేదా దానికి?" అన్నారు డైరెక్టరు గారు. అందరూ నవ్వారు. చిన్నకోడలూ నవ్వింది గానీ చెవులు వేడెక్కిపోయాయి. ఊపిరి బిగబట్టి మరోసారి నొక్కుతూ, తెర వైపు కాకుండా, ఎదురుగా ఉన్న అసలు ఎలుక వైపు చూసింది.

ఎలుక కంటి బయటి మూలలో నీలం చుక్క ఒకటి తేలుతోంది.

ముందు నమ్మలేదు. చుక్క పెరిగింది. ఆవగింజంత అయింది. గుండ్రంగా, నిండుగా, రెప్ప అంచున కాసేపు ఆగి, బుగ్గ మీదికి జారింది. వెనకే ఇంకొకటి తయారైంది. చచ్చిన ఎలుక నీలం కన్నీళ్లు కారుస్తోంది.

ఆమె ఎడమచేతిలో దూది ఉంది. తుడిచేస్తే అయిపోయేది. హాలు మొత్తం తెర మీది నోట్లోకి చూస్తోంది గానీ, కంటి వైపు చూస్తున్నవాళ్లు ఒక్కరూ లేరు. నాళం పూడిపోయింది, మళ్లీ చూపిస్తానని తప్పించుకోవచ్చు. ఆ ఆలోచన ఆమెకి వచ్చింది. అబద్ధమెందుకు, వచ్చింది. కానీ ఆ చుక్క ఎంత ముద్దుగా ఉందంటే గది మాట, పరువు మాట ఒక్క క్షణం మనసులోంచి ఎగిరిపోయాయి. గొంతులో గ్రంథి, కంట్లో కన్నీరు. ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చిన కన్నీటిని ఎవరు చూశారు? అంతటి వింతని చూసి, పక్కవాళ్లకి చూపించకుండా ఉండడం ఆమె వల్ల అయ్యే పని కాదు. పైగా చూస్తే అర్థమయ్యే మనిషి ఆ హాల్లో ఒక్కరే ఉన్నారు.

"అక్కా," అంది. "ఇలా రా."

పెద్దకోడలు వచ్చింది. వంగి చూసింది. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది.

"ఇది నాది," అంది మెల్లగా.

"అవునక్కా."

"ఎక్కడ దొరికింది నీకు?"

"గొంతు దగ్గర."

"గొంతు దగ్గరా," అంది పెద్దకోడలు. చెవి ముందు వెతికి వెతికి, లేదని నిర్ధారించి, ఇప్పుడే వందమంది ముందు పోయిందని చాటింపు వేసి కూర్చున్న మనిషి. "గొంతు దగ్గర ఏం చేస్తోందే ఇది?"

ఆ అడిగిన తీరు, తప్పిపోయిన పిల్లని పక్కింట్లో పట్టుకున్న తల్లి గొంతులా ఉంది. చిన్నకోడలికి నవ్వు ఆగలేదు. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాల్లోంచి వచ్చింది. అక్క మూతి బిగించి చూసింది, కాసేపు నిలబడింది, ఆపైన ఆవిడా బల్ల అంచు పట్టుకుని కిందికి వంగిపోయింది. ఒకరు పోగొట్టుకుని, ఒకరు దొరకబుచ్చుకుని, నిన్న రాత్రి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చారు పోసుకుని తిన్నారు.

ఎవరో కెమెరాని కంటి మీదికి తిప్పారు. తెర మీద నీలం చుక్క కుండంత కనిపించేసరికి హాల్లో విషయం అందరికీ ఎక్కింది. డైరెక్టరు గారికి మాత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అంటే పోయిందీ ఇదే, దొరికిందీ ఇదే," అన్నారు ఆఖరికి. "మీరిద్దరూ ఉండేది ఒకే ఇల్లు కదమ్మా. మాట్లాడుకోరా?"

"మా అత్తగారు ఒప్పుకోరండి," అంది పెద్దకోడలు కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత హాలు సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది. కన్నీటి గ్రంథి గొంతు దాకా జారిన జంతువు గురించి ఎవరూ రాయలేదని పెద్దవాళ్లు పుస్తకాలు తిరగేసి తేల్చారు. కొత్తదే. కానీ ఒకటే. డైరెక్టరు గారు తల గోక్కుని, ఒక గ్రంథికి ఒక గది, ఇద్దరూ కలిసి రాయండి, ఇద్దరూ అందులోనే ఉండండి అని తీర్పు చెప్పి, టీకి వెళ్లిపోయారు.

చిన్నకోడలు ఒక్కతే కిటికీ గదికి నడిచింది. నవ్వు మెల్లగా దిగిపోయింది. గదిలో చేపల వాసన ఇంకా పోలేదు, వెలుగు మాత్రం నేలంతా పరుచుకుని ఉంది. ఎలుకలకి లాలాజల గ్రంథులు మళ్లీ మూడు జతలే అయ్యాయి. నాలుగోది అక్క దగ్గరికి వెళ్లిపోయింది. గదిలో సగం కూడా అక్కదే. ఈసారి కూడా. ఆమెకి నిజంగానే బాధేసింది.

వెనకాలే పెద్దకోడలు వచ్చింది. గుమ్మంలో నిలబడి గదిని ఓసారి కలయజూసింది.

"రెండు బల్లలు పడతాయి," అంది. "కిటికీ కింద నీది, తలుపు పక్క నాది. కుర్చీ తిరగడానికి మధ్యలో చోటు కూడా మిగులుతుంది."

"చూడగానే ఎలా చెప్తావక్కా?"

"చూసి కాదు. కొలిచాను."

"ఎప్పుడు?"

పెద్దకోడలు కళ్లజోడు తీసి తుడుచుకోసాగింది. చిన్నకోడలికి ఒళ్లు మండింది.

"అంటే నీకు ముందే తెలుసా? ఇది కన్నీటిదని, నేను ఓడిపోతానని?"

"తెలిస్తే వందమంది ముందు నిలబడి లేదని చెప్తానా?" అంది పెద్దకోడలు. "పోయిన వారం కొలిచాను. ఏదో పెద్దదే దొరికిందని నీ మొహం చూస్తే తెలియదా? నా దగ్గరున్నది లేదని చెప్పే సంగతి. లేనిదానికి గది ఎవరిస్తారు? నీకే వస్తుందనుకున్నాను."

"నాకు వస్తే నువ్వెందుకు కొలవడం?"

"నాకో మూల ఇస్తావేమో అడుగుదామని." ఆవిడ కిటికీ వైపు చూస్తూ అంది. "మెట్ల కింద ఉంటే తెలుస్తుంది నీకు. పైన ఎవరు నడిచినా మైక్రోస్కోపు ఊగుతుంది. పదేళ్లుగా ఊగుతోంది."

తనని అడగడానికి అక్క దగ్గర ఏదైనా ఉంటుందని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చిన్నకోడలికి తోచలేదు. ఇచ్చేది ఎప్పుడూ అక్కే, పుచ్చుకునేది తనే అనుకుంది. ఆ అక్క టేపు పట్టుకుని, ఎవరూ చూడకుండా ఈ ఖాళీ గదిలోకి వచ్చి, తనని అడగబోయే మూలని కొలుచుకుని వెళ్లింది.

"అడిగినా ఇచ్చేదాన్ని కాదు," అంది చివరికి.

"తెలుసు. అందుకే అత్తయ్యచేత అడిగిద్దామనుకున్నాను."

చిన్నకోడలికి మళ్లీ నవ్వొచ్చింది, ఈసారి కళ్లల్లో నీళ్లతో సహా. ముక్కు తుడుచుకుని, గదికి అడ్డంగా నడిచి, తలుపు పక్కనున్న మూలలో, వెలుగు కాస్త తక్కువ పడే చోట నిలబడింది.

"ఇది నాది," అంది. కిటికీ కింద చోటు అక్కకి వదిలేసింది.